109 ఎకరాల దేశం: అమ్మానాన్నలను తీసుకెళ్తున్నా, సరిహద్దు ఎక్కడో ఎవరైనా చెప్తారా?

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ నమస్కారం. ఉద్యోగం వల్ల జర్మనీలో ఉంటున్నాను. వచ్చే నెల అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు. అమ్మకు ఒకటే కోరిక, వాటికన్ చూడాలి. మాది ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) కుటుంబం. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ ఏటా గుణదల కొండ ఎక్కిన మనిషి ఆవిడ. 1986లో రెండవ జాన్ పాల్ పోపుగారు మద్రాసు వచ్చినప్పుడు మా తాతతో రైలెక్కి వెళ్లిందట. అంత జనంలో ఆయన తెల్లచుక్కలా కనబడ్డారని ఇప్పటికీ చెబుతుంది.

నాన్నది వేరే గొడవ. ఆయన సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. "దేశమంటున్నావు, ఎన్ని ఎకరాలు? హద్దురాళ్లు ఎక్కడున్నాయి?" అని ఫోన్లో రోజూ ఇదే. నూట తొమ్మిది ఎకరాలని చెప్తే నవ్వారు. "మా సర్వీసులో అంతకంటే పెద్ద చెరువులు కొలిచాం రా" అన్నారు.

నా డౌట్లు: వేరే వీసా కావాలా? ఒక రోజు సరిపోతుందా? అమ్మ ఎంత దూరం నడవాల్సి వస్తుంది? ఫ్రాన్సిస్ పోపుగారి సమాధి దగ్గర ప్రార్థన చేసుకోవాలంటోంది, అది లోపల ఎటువైపు? ఇక నాన్నకు చూపించడానికి సరిహద్దు అంటూ కంటికి కనబడేది ఏమైనా ఉందా?

ఓరుగల్లు_రాజన్న

109 ఎకరాలా! రామోజీ ఫిల్మ్ సిటీయే 1,666 ఎకరాలు కదన్నా. అంటే అందులో పదిహేను దేశాలు పడతయి. మీ నాన్న నవ్విండంటే తప్పేం లేదు.

తైబర్_ఒడ్డున

రోమ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ముందు వీసా సంగతి. ఇటలీకి షెంగెన్ వీసా ఉంటే చాలు. వాటికన్ షెంగెన్‌లో సభ్యదేశం కాదు కానీ దాని చుట్టూ ఉన్నది ఇటలీయే కాబట్టి ఎవరూ పాస్‌పోర్టు అడగరు, ముద్ర వెయ్యరు. యేసు శిష్యుడు పేతురుగారి పేరున్న పెద్ద చర్చి, అంటే పేతురు బసిలికా, దాని ముందున్న విశాలమైన చౌరస్తాలో నడుస్తూ నడుస్తూ దేశం మారిపోతారు. ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు స్కానర్ తనిఖీ మాత్రం ఉంటుంది, అది బసిలికాలోకి వెళ్లేవాళ్లకి. ఆ క్యూ ఎండలో ఉంటుంది, అమ్మగారికి గొడుగు పెట్టండి. పొద్దున్నే వెళ్తే సగం బాధ తప్పుతుంది.

భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉండాలి. చీర కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. నాన్నగారిని నిక్కరు వెయ్యనివ్వకండి.

ఫ్రాన్సిస్ పోపుగారి సమాధి మాత్రం వాటికన్‌లో లేదండి! ఆయన కోరుకున్నట్టే రోమ్‌లో రైల్వేస్టేషన్‌కు దగ్గరగా ఉన్న సాంతా మారియా మజ్జోరె బసిలికాలో పెట్టారు. 2025 ఏప్రిల్ 26న అంత్యక్రియలు, అదే రోజు అక్కడే భూస్థాపన. సమాధి మీద పేరు ఒక్కటే, లాటిన్‌లో ఫ్రాన్సిస్కుస్ అని. బసిలికా మరియమ్మది కాబట్టి అమ్మగారికి ఎలాగూ నచ్చుతుంది. రెండవ జాన్ పాల్ గారి సమాధి మాత్రం వాటికన్‌లోనే, పేతురు బసిలికాలో కుడివైపు. లోపలికి వెళ్లగానే పియెతా విగ్రహం (చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ), దాని పక్క చాపెల్‌లో, అంటే చిన్న ప్రార్థనగదిలో ఆయన.

పటాలపిచ్చోడు

సరిహద్దు ప్రశ్న నా కోసమే అడిగినట్టుంది. ఆఫీసు పని పక్కన పెట్టి రాస్తున్నా.

మొత్తం 44 హెక్టార్లు. సరిహద్దు పొడవు సుమారు 3.2 కిలోమీటర్లు, అంతా ఇటలీతోనే. నాన్నగారికి ఈ లెక్క చెప్పండి: 44 హెక్టార్లు నలుచదరంగా ఉంటే చుట్టుకొలత 2,650 మీటర్ల దగ్గర తేలాలి. ఇక్కడ ఇంకో అర కిలోమీటరు పైగా ఎక్కువ వస్తోంది. అంటే హద్దు అంత వంకరగా ఉందన్నమాట. ఆ వంకరలకు కారణం పాత కోటగోడ.

క్రీ.శ. 846లో సముద్రం మీదుగా వచ్చిన దోపిడీ దండు పేతురు బసిలికాను కొల్లగొట్టింది. అప్పటికి ఈ ప్రాంతం రోమ్ నగర ప్రాకారానికి బయట, తైబర్ నది అవతలి ఒడ్డున ఉండేది. రోమ్ ఏడు కొండలని మనం చదువుకుంటాం కదా, వాటికన్ కొండ ఆ ఏడింటిలో లేనే లేదు. దండు పోయాక నాలుగవ లియో పోపు 848 నుంచి 852 వరకు కూర్చుని ఈ వైపు కూడా గోడ కట్టించాడు. ఇప్పుడు కనిపించే బురుజుల గోడలో చాలా భాగం 16వ శతాబ్దానిది. పడమర, ఉత్తరం, దక్షిణం వైపుల్లో దేశం హద్దు చాలావరకు ఈ గోడే. గోడ వెంబడి బయట రోడ్డు మీద నడిస్తే దాదాపు దేశ ప్రదక్షిణ అయిపోతుంది.

తూర్పున గోడ లేదు, చౌరస్తా ఉంది. అక్కడే అసలు మజా.

నిద్రపట్టని_నాని

"దేశ ప్రదక్షిణ" 😂 మా అపార్ట్‌మెంట్ వాకింగ్ గ్రూపు దీనికంటే ఎక్కువ నడుస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు

తైబర్ గారూ, సమాధి సంగతి చెప్పి బతికించారు. వాటికన్ అంతా వెతికి అమ్మ ఏడ్చేది.

పటాలపిచ్చోడు గారూ, ఆ 2,650 లెక్క నాన్నకు చదివి వినిపించాను. "ఎవరో పనితెలిసిన మనిషే" అన్నారు. ఆయన నోట అది పెద్ద పొగడ్త. తూర్పు హద్దు సంగతి చెప్పమంటున్నారు, ఫోన్ పక్కనే ఉన్నారు.

పటాలపిచ్చోడు

తూర్పున బెర్నినీ అనే శిల్పి కట్టిన స్తంభాల వరసలు రెండు చేతుల్లా చౌరస్తాను చుట్టి ఉంటాయి. ఆ రెండు చేతుల కొసలు కలిపే చోట నేల మీద రాతి పలకలతో ఒక తెల్లటి పట్టీ పరిచారు. అదే సరిహద్దు. దానికి ఇవతల ఇటలీ, అవతల వాటికన్. హద్దురాయి కావాలంటే అదే హద్దురాయి, కాకపోతే పడుకోబెట్టారు.

అయితే ఇక్కడ మెలిక ఉంది. ఇటలీ, పోపు పీఠం కుదుర్చుకున్న 1929 లాటరన్ ఒప్పందం మూడో అధికరణం ప్రకారం చౌరస్తా వాటికన్ భూమే. కానీ అది మామూలుగా జనానికి తెరిచి ఉండాలి, అక్కడ బందోబస్తు ఇటలీ పోలీసులది. వాళ్ల అధికారం బసిలికా మెట్ల పాదం దాకానే. పోపుగారు ఏదైనా కార్యక్రమం కోసం చౌరస్తా మూయించదలిస్తే పోలీసులు స్తంభాల బయటికి తప్పుకోవాలి. అంటే భూమి ఒకరిది, కాపలా ఇంకొకరిది.

కృష్ణలంక_కుర్రాడు

నాన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు: "పట్టా ఒకడిది, అనుభవం ఇంకొకడిది. ఇలాంటి ఫైళ్లు నేను వంద చూశా. సివిల్ కోర్టుకి పోతే తేలదు."

పాత_సెమినేరియన్

నాన్నగారు ఊహించింది నిజమేనండి. ఆ ఫైలు 59 ఏళ్లు తేలలేదు.

1870 దాకా పోపుగారు మధ్య ఇటలీలో రాజ్యాన్నే ఏలేవారు. ఆ ఏడాది సెప్టెంబర్ 20న ఇటలీ సైన్యం పోర్తా పీయా దగ్గర గోడ పగలగొట్టి రోమ్‌లోకి వచ్చింది. మరుసటి ఏడు ఇటలీ ఒక చట్టం చేసి కొన్ని హక్కులు ఇస్తామంది. అప్పటి పోపు తొమ్మిదవ పియుస్ ఒప్పుకోలేదు. "నేను వాటికన్‌లో ఖైదీని" అని లోపలే ఉండిపోయారు. ఆయన తర్వాత వచ్చినవారూ అంతే. చివరికి 1929 ఫిబ్రవరి 11న లాటరన్ భవనంలో పోపు తరఫున కార్డినల్ గాస్పర్రీ, ఇటలీ రాజు తరఫున ముస్సోలినీ సంతకాలు పెట్టారు. పోయిన రాజ్యానికి పరిహారంగా 75 కోట్ల లీరాల నగదు, వంద కోట్ల లీరాల బాండ్లు. భూసేకరణ సెటిల్‌మెంట్ అనుకోండి.

ఫిబ్రవరి 11 అంటే గుణదల వాళ్లకు చెప్పక్కర్లేదు కదా. లూర్దుమాత పండుగ రోజు. మీ అమ్మగారు కొండెక్కే రోజే వాటికన్ దేశానికి పుట్టినరోజు. వాటికన్ తోటల్లో లూర్దు గుహ నమూనా కూడా ఉంది, ఫ్రాన్స్ కథోలికులు కానుకగా ఇచ్చింది.

కృష్ణలంక_కుర్రాడు

ఇది చదివి వినిపిస్తే అమ్మ ఫోన్ లాక్కుని నాన్నకి "చూశారా, మాత చేసిన సెటిల్‌మెంట్" అంది. నాన్న ఏమీ అనలేదు.

తోటల్లోకి వెళ్లి ఆ గుహ చూడొచ్చా?

తైబర్_ఒడ్డున

ఊరికే నడిచి వెళ్లడానికి లేదు. ముందుగా బుక్ చేసుకుని గైడ్‌తోనే వెళ్లాలి. దేశంలో దాదాపు సగం తోటలే, ఆశ్చర్యంగా ఉంటుంది. కొండ వాలు మీద ఉంటాయి కాబట్టి ఎక్కుడు దిగుడు తప్పదు. మినీ బస్సులో కూర్చుని చూసే టికెట్ ఉంటే మీ అమ్మగారికి అది మేలు.

శిల్పి_సుబ్బు

వాలు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. చౌరస్తా నది వైపు పల్లంలో ఉంది, సముద్రమట్టానికి ఇరవై మీటర్ల లెక్క. వెనక తోటల దగ్గర కొండ 75 మీటర్ల పైకి పోతుంది. అంటే 44 హెక్టార్లలోనే పద్దెనిమిది అంతస్తుల తేడా. బసిలికా సరిగ్గా ఈ వాలు మీద కూర్చుంది. ఏ మేస్త్రీని అడిగినా "ఇక్కడ కట్టొద్దు సార్, పక్కన చదునుగా ఉంది కదా" అంటాడు. పక్కన నిజంగానే చదునుగా ఉండేది, నీరో రథాల పందాల మైదానం. అయినా 4వ శతాబ్దంలో చక్రవర్తి కాన్‌స్టంటైన్ మనుషులు కొండను ఒకవైపు తవ్వి, ఇంకోవైపు ఉన్న శ్మశానాన్ని మట్టితో పూడ్చి మరీ వేదిక లేపారు. ఎందుకంటే పేతురు సమాధి ఆ వాలు మీదే ఉందని నమ్మకం. పీఠం ఆ సమాధి మీదికి రావాలి, చదును కోసం జరపడానికి వీల్లేదు.

ఆ పూడ్చిన శ్మశానం 1940లలో తవ్వితే మళ్లీ బయటపడింది. వీధిలాగా ఇటు అటు సమాధి గదులు. కొద్దికొద్ది మందిని పంపిస్తారు, చాలా ముందుగా రాసుకోవాలి. మోకాళ్ల నొప్పులవాళ్లకు, ఇరుకంటే భయపడేవాళ్లకు వద్దు.

ఇప్పుడున్న బసిలికా రెండోది. 1506 ఏప్రిల్ 18న శంకుస్థాపన, 1626 నవంబర్ 18న ప్రతిష్ఠ. నూట ఇరవై ఏళ్లు! బ్రమాంటే మొదలుపెట్టాడు. రాఫెల్, సాంగల్లో అనేవాళ్ల చేతులు మారి మైకెలాంజెలో దగ్గరికి వచ్చేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. గుమ్మటం ఆయన గీసిందే కానీ పూర్తయ్యేదాకా బతకలేదు, జాకొమో దెల్లా పోర్తా లేపాడు. శిలువ కొస దాకా 136 మీటర్ల పైచిలుకు. ముందు భాగం మదెర్నో పొడిగించాడు. ఈ పొడిగింపు నాకు నచ్చదు. దానివల్ల చౌరస్తాలో దగ్గరికి వచ్చేకొద్దీ గుమ్మటం ముఖభాగం వెనక్కి మునిగిపోతుంది. గుమ్మటం బాగా కనబడాలంటే దూరంగా వెళ్లాలి, ఇంత ఖర్చు పెట్టి కట్టింది దగ్గర నుంచి కనబడకపోవడం ఏమిటి!

మెదక్_మాస్టారు

మా మెదక్ చర్చి వాటికన్ తర్వాత రెండోది అంటారు కదా. అందరూ చెప్పే మాటే. దీనికేమంటారు?

పాత_సెమినేరియన్

మాస్టారూ, మెదక్ చర్చి అందమైనదే, కాదనను. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. కానీ అది సీఎస్ఐ వారిది, పోపుగారికీ దానికీ సంబంధం లేదు. కొలతలు చూస్తే మెదక్ చర్చి పొడవు 200 అడుగులు. పేతురు బసిలికా లోపలి పొడవే 610 అడుగులు. బసిలికా నడిమధ్య నేల మీద ప్రపంచంలోని పెద్ద పెద్ద చర్చిల పొడవులు గుర్తులు పెట్టి పేర్లు చెక్కారు, ఒక్కోటీ ఎక్కడికి వస్తుందో తెలిసేలా. మెదక్ పేరు అందులో లేదు.

ఇంకోటి. పేతురు బసిలికాను చాలామంది కెథడ్రల్ అంటారు. కాదు. కెథడ్రల్ అంటే మేత్రాణుల (బిషప్) పీఠం ఉండే చర్చి. రోమ్ మేత్రాణులుగా పోపుగారి కెథడ్రల్ లాటరన్ బసిలికా. అది వాటికన్‌లో లేదు, రోమ్‌కు ఇంకో మూలన ఉంది.

మెదక్_మాస్టారు

ఎక్కువ చదువుకున్నోళ్లతో మాట్లాడితే ఇదే తిప్పలు. అయినా మాది చూస్తే కడుపు నిండుతది. 🙂

ఓరుగల్లు_రాజన్న

ఒక్క నిమిషం. పోపు కెథడ్రల్ పోపు దేశంలో లేదు. ఫ్రాన్సిస్ పోపు సమాధి కూడా పోపు దేశంలో లేదు. ఇంతకీ ఆ దేశంలో ఏమున్నయ్?

పటాలపిచ్చోడు

రాజన్నా, బాగా అడిగావు. 44 హెక్టార్లు అన్నది సగం కథే. ఒప్పందంలో ఇంకో జాబితా ఉంది. లాటరన్, సాంతా మారియా మజ్జోరె, గోడ బయటి పౌలు బసిలికా లాంటివి ఇటలీ భూభాగమే, కానీ యాజమాన్యం పోపు పీఠానిది. రాయబార కార్యాలయాలకు ఉన్నట్టు వాటికి మినహాయింపులు ఉంటాయి. రోమ్‌కు ఆగ్నేయంగా పాతిక కిలోమీటర్ల దూరంలో చెరువు గట్టున కాస్తెల్ గాందొల్ఫో వేసవి విడిది ఉంది. అది 55 హెక్టార్లు! దేశం కంటే దేశాధినేత వేసవి ఇల్లు పెద్దది. రేడియో ప్రసారాల కోసం రోమ్‌కు ఉత్తరాన ఉన్న సాంతా మారియా ది గలేరియా స్థలమైతే 400 హెక్టార్లకు పైనే.

ఇంకా చిత్రం పాల్ VI హాలు. 1971లో నెర్వీ అనే ఇంజనీరు కట్టాడు. పోపుగారు వానాకాలంలో, చలికాలంలో సందర్శకులతో మాట్లాడేది ఇందులోనే. సరిహద్దు ఈ హాలు గుండా పోతుంది. భవనంలో ఎక్కువ భాగం ఇటలీ నేల మీద ఉంది, కాకపోతే పైన చెప్పిన మినహాయింపు జాబితాలోది. వేదిక వైపు వాటికన్. పోపుగారు ఒక దేశంలో కూర్చుని మాట్లాడితే జనం ఇంకో దేశంలో కూర్చుని చప్పట్లు కొడతారు.

కృష్ణలంక_కుర్రాడు

నాన్న: "ఇల్లు సర్వే నంబరు దాటి కట్టారన్నమాట. పంచాయతీ పర్మిషన్ ఎవరిచ్చారు?"

నిద్రపట్టని_నాని

ఈ థ్రెడ్‌లో నాన్నగారికి సొంత అకౌంట్ ఇప్పించండి దయచేసి.

కృష్ణలంక_కుర్రాడు

అడిగాను. "నాకెందుకు, నువ్వు రాస్తున్నావు కదా" అన్నారు.

పటాలపిచ్చోడు

నాన్నగారికి రైలు సంగతి కూడా చెప్పండి. ఈ దేశానికి రైల్వే ఉంది. దేశంలో పట్టాలు మూడొందల మీటర్లు. గోడలో పెద్ద ఇనుప తలుపు పక్కకి జరిగితే బండి లోపలికి వస్తుంది. 1930లలో కట్టారు, ఎక్కువగా సరుకులకే వాడారు. 1962 అక్టోబర్ 4న 23వ జాన్ పోపుగారు ఈ స్టేషన్‌లోనే రైలెక్కి లొరెతో, అస్సీసీ వెళ్లారు. విమానాశ్రయం లేదు, పడమటి మూల హెలిపాడ్ ఉంది. నది లేదు. తైబర్ దగ్గర్లోనే పారుతుంది కానీ ఈ దేశాన్ని తాకదు. పొలం లేదు, ఆసుపత్రి లేదు. పౌరసత్వం పుట్టుకతో రాదు, ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగం పోతే పౌరసత్వం కూడా పోతుంది.

ఓరుగల్లు_రాజన్న

క్వార్టర్స్ ఖాళీ చేసినట్టు.

తైబర్_ఒడ్డున

మళ్లీ ప్రయాణం సంగతికి వస్తాను, లేకపోతే వీళ్లు ఆగరు.

ఒక్క రోజులో బసిలికా, మ్యూజియం రెండూ పెట్టుకోకండి. అందరూ చేసే పొరపాటు ఏంటంటే, రెండూ ఒకే గుమ్మం అనుకుంటారు. కాదు. బసిలికాకు తూర్పున చౌరస్తా నుంచి వెళ్లాలి. మ్యూజియం గుమ్మం ఉత్తరం వైపు గోడలో ఉంది. చౌరస్తా నుంచి గోడ పక్కన పావుగంట నడక, అందులో కొంత ఎత్తు. మెట్రో 'A' లైన్‌లో ఒత్తవియానో స్టేషన్ దిగితే రెండింటికీ మధ్యలో దిగినట్టు.

మ్యూజియం ఆదివారాలు మూసి ఉంటుంది. నెల ఆఖరి ఆదివారం మాత్రం తెరుస్తారు, ఆ రోజు ఉచితం. ఉచితం కదా అని అమ్మగారిని ఆ రోజు తీసుకెళ్లకండి, జాతరే. లోపల సిస్టీన్ చాపెల్ దాకా పోవాలంటే హీనపక్షం రెండు మూడు గంటల నడక. చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు, మొహమాటపడొద్దు.

క్యూ లేకుండా పంపిస్తామని రోడ్డు మీద మెడలో కార్డులు వేసుకుని తిరిగేవాళ్లను నమ్మకండి. మా పిన్ని వచ్చినప్పుడు ఒకతనికి డబ్బులిచ్చాం. తీసుకెళ్లి అదే క్యూ చివర నిలబెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు రోమ్‌లో ఉంటే పోపు 14వ లియోగారు కిటికీలోంచి త్రికాల ప్రార్థన చేయిస్తారు. టికెట్ అక్కర్లేదు. చౌరస్తాలో నిలబడి కుడివైపు భవనం పై అంతస్తు చూస్తే, కుడి నుంచి రెండో కిటికీ. బుధవారం దర్శనానికి మాత్రం టికెట్ కావాలి, అది కూడా ఉచితమే.

శిల్పి_సుబ్బు

మ్యూజియంలో అందరూ సిస్టీన్ చాపెల్ వైపు పరిగెత్తుతారు. పైకప్పు 1508 నుంచి 1512, పీఠం వెనక అంతిమ తీర్పు 1536 నుంచి 1541, రెండూ మైకెలాంజెలోవి. మధ్యలో పాతికేళ్లు. పైకప్పు వేసినవాడు ముప్పైల్లో ఉన్న కుర్రాడు, గోడ వేసినవాడు అరవైల్లో ఉన్న ముసలాయన. రెండిట్లో మనుషుల ఒళ్లు చూడండి, తేడా తెలుస్తుంది. పైన ఉన్నవాళ్లు తేలుతుంటారు, కింద ఉన్నవాళ్లు బరువుగా ఉంటారు.

నేను ఎక్కువ సేపు ఆగేది మాత్రం లవొకోన్ అనే విగ్రహం దగ్గర. 1506లో ఒక ద్రాక్షతోటలో తవ్వితే దొరికింది. తండ్రి, ఇద్దరు కొడుకులు, చుట్టుకున్న పాములు. తండ్రి నోరు పూర్తిగా తెరవలేదు, అరుపు ఇంకా గొంతులోనే ఉంది.

పటాలపిచ్చోడు

సుబ్బన్నా, పటాల గ్యాలరీ మర్చిపోయావా! సిస్టీన్ చాపెల్‌కి వెళ్లే దారిలోనే 120 మీటర్ల పొడవున గోడలకు నలభై పటాలు. 1580 ప్రాంతంలో ఇగ్నాత్సియో దాంతి అనే సన్యాసి, భూగోళవేత్త, తయారుచేయించాడు. ఆ నడవాయే ఇటలీ నడిమధ్యన పోయే అప్పెనైన్ పర్వతాలు అనుకోవాలి. నడుస్తుంటే ఒక పక్క గోడ మీద పడమటి తీరం ప్రాంతాలు, ఇంకో పక్క తూర్పు తీరం ప్రాంతాలు. అంటే ఇటలీ నడినెత్తి మీద నడుస్తున్నట్టు. ఉపగ్రహాలు లేవు, విమానాలు లేవు, గొలుసు పట్టుకుని కొలిచిన కాలం. జనం మాత్రం బంగారు పైకప్పును ఫొటో తీసుకుని పటాల వైపు చూడకుండా పోతారు. నేను ముప్పావుగంట ఉంటే గార్డు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

నాన్నగారిని అక్కడ వదిలేసి మీరు అమ్మగారితో ముందుకెళ్లండి.

పాత_సెమినేరియన్

సిస్టీన్ చాపెల్ దగ్గర ఒక మాట. టీవీలో చూసిన పొగగొట్టం కోసం వెతకొద్దు. అది కాన్‌క్లేవ్‌కు, అంటే కొత్త పోపును ఎన్నుకునే సమావేశానికి ముందు బిగించి తర్వాత తీసేస్తారు. 2025 మే 8 సాయంత్రం తెల్లపొగ వచ్చినప్పుడు లోపల ఓటు వేసినవాళ్లలో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోనిగారు కూడా ఉన్నారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్ ఆయన, 2022 ఆగస్టులో అయ్యారు. అంతకుముందు కర్నూలు మేత్రాణులు. మీ అమ్మగారికి ఆ గదిలో ఇది గుర్తుచేయండి.

బసిలికాలో జూబిలీ ఏడాదికే తెరిచే పవిత్ర ద్వారం గురించి అడుగుతారేమో. 2025 జూబిలీకి తెరిచారు, 2026 జనవరి 6న మూసేశారు. ఇప్పుడు బయట నుంచి చూడడమే.

నిద్రపట్టని_నాని

చౌరస్తా మధ్యలో ఈజిప్టు స్తంభం ఉంటుంది కదా, అది శిలువల దేశంలో ఏం చేస్తోంది?

శిల్పి_సుబ్బు

నాని, ఆ చౌరస్తాలో అన్నిటికంటే ముందు వచ్చింది అదే. చక్రవర్తి కలిగులా ఈజిప్టు నుంచి ఓడలో తెప్పించి రథాల మైదానంలో నిలబెట్టాడు. నిలువెత్తు ఒకే ఎర్ర గ్రానైట్ రాయి, దిమ్మ కాకుండా పాతిక మీటర్లు, మూడొందల టన్నుల పైన. పేతురు ఆ మైదానంలోనే చనిపోయాడని చెప్తారు కాబట్టి దాన్ని సాక్షి అనుకుంటారు. పదిహేను వందల ఏళ్లు బసిలికా దక్షిణం పక్కనే ఉండిపోయింది. పాత చోటు గుర్తుగా అక్కడ నేలలో ఒక పలక ఉంది. 1586లో ఐదవ సిక్స్తుస్ పోపు దాన్ని ముందుకు తెమ్మంటే దొమెనికో ఫోంతానా వందలమంది మనుషులు, గుర్రాలు, కప్పీలు పెట్టి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా జరిపాడు.

ఒక కథ చెప్తారు. లేపుతున్నప్పుడు ఎవరూ నోరెత్తకూడదు, ఎత్తితే ఉరి అని ఆజ్ఞ. మోకులు కాలి తెగేలా ఉంటే గుంపులోంచి బ్రెస్కా అనే ఓడ మనిషి "మోకుల మీద నీళ్లు పోయండి" అని అరిచాడట. నీళ్లు పోస్తే జనపతాడు బిగుసుకుంటుందని ఓడలవాళ్లకు తెలుసు. ఉరి తీయలేదు సరికదా, మట్టల ఆదివారానికి తాటాకులు పంపే హక్కు వాళ్ల కుటుంబానికి ఇచ్చారట. నిజమో కాదో గానీ మోకు పట్టిన ఎవడైనా నమ్మే కథ.

స్తంభానికి, ఫౌంటెన్‌కి మధ్య నేల మీద గుండ్రటి పలక ఉంటుంది, రెండు వైపులా. దాని మీద నిలబడి చూస్తే నాలుగు వరసల స్తంభాలు ఒక్క వరసలా కనబడతాయి. మొత్తం 284 స్తంభాలు. ఒక్క అడుగు పక్కకి వేయండి, మళ్లీ అడవి. నాన్నగారు థియోడొలైట్ పట్టిన చెయ్యి, ఇష్టపడతారు.

తైబర్_ఒడ్డున

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. చౌరస్తాలో వాటికన్ పోస్టాఫీసు ఉంటుంది. వాళ్ల స్టాంపులు వేరే. అవి అంటించిన కార్డు వాటికన్ పసుపు డబ్బాలోనే వెయ్యాలి. ఇటలీ ఎర్ర డబ్బాలో వేస్తే ఆ స్టాంపు చెల్లదు.

గుమ్మటం ఎక్కాలంటే 551 మెట్లు. లిఫ్టు ఎక్కినా పైన ఇంకో 320 ఉంటాయి. చివర్లో గోడ మనతోపాటు ఒరిగిపోతుంది, మనిషి కూడా ఒరిగి నడవాలి. అమ్మగారికి వద్దే వద్దు.

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. ప్రింట్ తీసుకుంటున్నా. వచ్చాక రాస్తాను.

కృష్ణలంక_కుర్రాడు

నిన్న రాత్రి తిరిగొచ్చాం.

మొదటి రోజు సాంతా మారియా మజ్జోరె. అమ్మ సమాధి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు, వరస కదులుతూనే ఉంటుంది. వరసలోంచి బయటికొచ్చి మరియమ్మ పటం ఉన్న చాపెల్‌లో కూర్చుని జపమాల చెప్పుకుంది. రెండో రోజు పొద్దున్నే ఏడున్నరకు చౌరస్తా. అంత పొద్దున్న కూడా క్యూ ఉంది, కానీ నీడలో నడిచింది. బసిలికాలో పేతురుగారి కంచు విగ్రహం చూసి "పాదం అరిగిపోయింది, చూడరా, వేళ్లు కూడా లేవు" అంది. తర్వాత జాన్ పాల్ గారి సమాధి దగ్గర మమ్మల్ని పక్కకు పొమ్మంది. పది నిమిషాలు. ఏమనుకుందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాన్న ఆ తెల్ల పట్టీ దగ్గర నిలబడ్డారు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి ఫొటో తీయమన్నారు. తర్వాత ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అడుగులతో కొలిచారు. పోలీసాయన చూస్తూ ఉన్నాడు. "ఏ దేశం పోలీసు రా?" అని అడిగారు. ఇటలీ అన్నాను. "అయితే మన జోలికి రాడు, మనం అవతల ఉన్నాం" అన్నారు. మూడో అధికరణం గుర్తుచేశాక ఇవతలికి వచ్చారు.

పటాల గ్యాలరీలో మీరు చెప్పినట్టే అయింది. గంట. కింద మూలల్లో కొలబద్ద గీసి ఉంటుందట, ఒక్కో పటం దగ్గరా అదే వెతుక్కుంటూ నడిచారు. సిస్టీన్ చాపెల్ ఐదు నిమిషాల్లో ముగించారు. మెడ నొప్పి అన్నారు.

ఒకటే పొరపాటు. నాన్న తన పాత ఆఫీసులో చైన్‌మన్‌గా చేసినాయనకు కార్డు రాశారు. వాటికన్ స్టాంపు అంటించారు. పసుపు డబ్బా దగ్గర రష్‌గా ఉందని జేబులో పెట్టుకున్నారు. నేను అమ్మకి నీళ్లు కొనడానికి వెళ్లి వచ్చేసరికి, పట్టీ దాటి రోడ్డు మీద కనబడిన ఎర్ర డబ్బాలో వేసేశారు.

పటాలపిచ్చోడు

అయ్యయ్యో. దేశమంతా కొలిచి చివరికి హద్దు దాటాక వేశారా!

ఓరుగల్లు_రాజన్న

నాన్న ఏమన్నడు?

కృష్ణలంక_కుర్రాడు

"హద్దురాయి నిలబెట్టి ఉంటే నాకు తెలిసేది కదా" అన్నారు.

తైబర్_ఒడ్డున

కార్డు చేరితే చెప్పండి. నా తొమ్మిదేళ్లలో ఒక్కటీ చేరలేదు.